మామిడి పండుకు తోడు

మా ముత్తాత అళగిరిసామి నాయుడు మదురకు ఉత్తరాన, నత్తం దారి వెంబడి పదకొండు ఊళ్ళకు మిట్టాదారు. మిట్టా అంటే సర్కారుకు ఏడాదికింత అని కట్టి, ఊళ్ళ శిస్తు తాము వసూలు చేసుకునే హక్కు. ఆయన తండ్రి తిరుమలసామి నాయుడు వచ్చి మోకు ముట్టుకునేదాకా కొండ కింది గుడిలో తేరు కదిలేది కాదు. మొదటి పరివట్టం, అంటే గుళ్ళో తలకు చుట్టే గౌరవ వస్త్రం, మా ఇంటివాళ్ళకే. మా తాత రంగసామి నాయుడి కాలానికి మిట్టాలు రద్దయ్యాయి. మిగిలినదాన్ని ఆయన కోర్టుల్లో పోగొట్టాడు. మా నాన్న కోయంబత్తూరు పీలమేడులో ఒక నూలు మిల్లులో పత్తి బేళ్ళ తూకం చూసే గుమాస్తా. ముప్పై ఏళ్ళు మడత నలగని అంగవస్త్రంతో ఆ తూకం దగ్గర నిలబడ్డాడు కానీ, అక్కడ వేసిన బెంచీ మీద ఒక్కనాడూ కూర్చోలేదు.

ఇదంతా గొప్పకు చెబుతున్నాడని మీరనుకుంటే నాకు అభ్యంతరం లేదు. అయితే నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఈ వంశంలోంచే వచ్చింది. కోసిన పళ్ళ కుళ్ళు మీద పని చేయడానికి కొత్తగా చేరే పిల్లలకు ఆ తప్పు తెలియాలి. అందుకే మనుషుల పేర్లు ముందు చెప్పాను.

కుళ్ళిన పెట్టెలో మంచి పండు

కోయంబత్తూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి వారమే మా పై అధికారి డాక్టర్ సరోజ నా ముందు ఒక మామిడి పెట్టె పెట్టింది. పోదనూరు రైల్వే కాలనీలో పెరిగిన మనిషి, రైలింజను డ్రైవరు కూతురు. పెట్టెలో పళ్ళు తొడిమ దగ్గర నల్లబడి, చీము కారుతున్నాయి. ఖాళీ చేసి, ఒక్కొక్కటీ చూసి రాయమంది. నేను గ్లవ్స్ కోసం చుట్టూ వెతికాను. మా వంశం కథ అప్పటికే విన్న ఆమె తమిళంలో, పండు వచ్చి కప్పం కడితే తప్ప మిట్టాదారుగారు చెయ్యి పెట్టరా అని అడిగింది. అప్పటినుంచి, రిటైరయ్యాక కూడా, ఆమెకు నేను మిట్టాదారునే.

నలభై పళ్ళలో ఒక్కటే బాగుంది. కుళ్ళినవన్నీ కోసి, ముక్కలు సూక్ష్మదర్శిని కింద పెట్టి, సాయంత్రానికి ఆరు పేజీలు రాశాను. చదివి, ఆమె అడిగింది:

"మంచి పండు ఏది?"

"తినేశాను మేడం. మధ్యాహ్నం."

ఆమె గట్టిగా అరవలేదు. "ఈ గదిలో ఉన్న ఒక్క జవాబునూ నువ్వు తినేశావు" అంది.

ముప్పై తొమ్మిది ఎందుకు కుళ్ళాయో అందరికీ తెలుసు. వాటి మధ్య నలిగి, అదే చీములో తడిసి, ఆ ఒక్కటి ఎందుకు కుళ్ళలేదన్నదే ప్రశ్న. ఆ మరుసటి నెల నుంచి నేను చేసిన పని దాదాపు అదే. ఎక్కడ కుళ్ళిన పెట్టె కనిపించినా అందులో నిలిచిన పండును వెతకడం, దాని తొక్కను శుభ్రమైన నీటిలో కడగడం, ఆ కడుగు నీళ్ళలో ఎవరు కాపురం ఉన్నారో చూడడం. చాలాసార్లు అక్కడ ఈస్టు ఉండేది. రొట్టె పొంగించే ఈస్టుకు దూరపు చుట్టం. కంటికి కనబడదు. పండుకు గీత పడ్డచోట, తొడిమ విరిగినచోట కారే తీపి తడిని తింటూ బతుకుతుంది. బూజు విత్తనం కూడా అదే చోటుకు వస్తుంది. ఈస్టు ముందే వచ్చి, తిని, నిండుగా కూర్చుని ఉంటే బూజుకు తిండీ ఉండదు, జాగా ఉండదు. బూజు ముందే వచ్చి ఉంటే ఈస్టు ఏమీ చేయలేదు. మన శాస్త్రంలో సగం ఈ రెండు వాక్యాలే. మిగతా సగం, దాన్ని బతికించి తోటదాకా చేర్చడం.

ఈ రెండో సగాన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. ప్రయోగశాలలో గాజు పళ్ళెం మీద గెలిచి, మండీలో ఓడిపోయిన ఈస్టులు నాకు తెలిసి చాలా ఉన్నాయి. వాటి మీద డాక్టరేట్లూ ఉన్నాయి. నా ఈస్టు కూడా ఆ దారినే పోయేది.

రంగమ్మాళ్ తోట

నాకు యాభై దాటాక, మా తాతల పదకొండు ఊళ్ళలో ఒకదాని నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాయించింది రంగమ్మాళ్ అనే ఆవిడ. భర్త పోయాడు, పిల్లలు లేరు. భర్త నాటిన మామిడి తోట ఉంది, ఇమాంపసందు, కల్లామై చెట్లు. వరసగా రెండేళ్ళు పండు కోయంబత్తూరు మండీకి చేరేలోగా కుళ్ళిపోయింది. పట్టా ఆమె పేరునా, మరిది గోవిందసామి పేరునా కలిసి ఉంది. ఈ ఏడాది కూడా పండు నిలవకపోతే తోటను ఇళ్ళ స్థలాలకు ఇచ్చేద్దామని, పత్రం మీద సంతకం పెట్టాలని మరిది చెప్పాడు. ఆమె ఒప్పుకుంది. ఆ మాటకు కట్టుబడి ఉంటానని కూడా అదే ఉత్తరంలో రాయించింది.

మా ఈస్టును తోటలో పరీక్షించడానికి అప్పుడే అనుమతి వచ్చింది. నేను ఆ తోటనే ఎంచుకున్నాను. అవసరం చూసి ఎంచుకున్నానని అప్పట్లో అనుకున్నాను. మా ఊరని ఎంచుకున్నాను.

కారు దిగగానే ఎదురొచ్చి ఆలం తిప్పారు, అంటే పసుపు, సున్నం కలిపిన ఎర్ర నీళ్ళతో దిష్టి తీశారు. ముసలివాళ్ళు మా తాత పేరు చెప్పి చేతులు జోడించారు. రంగమ్మాళ్ దూరంగా, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది. ఆ మర్యాద నాకు నచ్చింది. ఇప్పుడు కాదంటే అబద్ధమవుతుంది. నిలబడే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తమిళంలో అచ్చు వేయించిన కాగితాలు పంచాను. అందులో ఈస్టును నేను మరుందు అని రాశాను. తెలుగులో చెప్పేటప్పుడు మందు అన్నాను. ఈ మందులో పళ్ళు ముంచి, ఆరబెట్టి, పెట్టెల్లో సర్దండి అన్నాను. ఐసు పెట్టెలో తెచ్చిన సీసాలు అప్పగించి, భోజనం చేసి, కోయంబత్తూరుకు తిరిగి వచ్చేశాను. పళ్ళ షెడ్డులో గోనె మీద కూర్చుని నాలుగు రోజులు ఉండడం మా ఇంటివాళ్ళు చేసే పని కాదని నాకు గట్టి నమ్మకం.

ఎనిమిదో రోజు మండీ నుంచి ఫోను వచ్చింది. వెళ్ళి పెట్టెలు విప్పించాను. ఇమాంపసందు పళ్ళు, పలచటి తొక్కవి, అడుగునుంచి పైదాకా నల్లగా, నీరుగా అయిపోయాయి. మండీ యజమాని ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఏ మందు కొట్టారు సార్ దీనికి అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, తను కొనకుండా ఉండడానికి.

కాగే నీళ్ళు

మర్నాడు బస్సులో ఊరికి వెళ్ళాను. ఆలం లేదు. షెడ్డులో రంగమ్మాళ్ ఖాళీ బుట్టలు కడుగుతోంది. ఏం చేశారో మొదటినుంచి చెప్పమన్నాను. గొంతు అధికారంగానే ఉండి ఉంటుంది.

ఆమె దాచకుండా చెప్పింది. కొన్నేళ్ళ కిందట వ్యవసాయ శాఖవాళ్ళు వచ్చి, కోసిన మామిడిని చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో కాసేపు ఉంచితే మచ్చ తగ్గుతుందని నేర్పారు. అది మంచి పద్ధతే. చెట్టు మీద ఉన్నప్పుడే తొక్క కిందికి చేరి నిద్రపోయే బూజును వేడి కొంత అణుస్తుంది. వీళ్ళు ఆ వేడి నీళ్ళ తొట్టిలోనే నా సీసాలు పోశారు.

"మందుదానే సామీ. వేడిలో అయితే బాగా కలుస్తుందని పోస్తిమి. మచ్చ పడిన పండ్లను ఇంకో తడవ కూడా ముంచితిమి. జబ్బు ఉండేవాళ్ళకుదానే మందు ఎక్కువ ఇచ్చేది." ఆ ఊళ్ళ తెలుగులో దానే అంటే కదా.

నాకు కోపం వచ్చింది. కాగితంలో చల్లని నీళ్ళని రాశాను కదా అన్నాను. రాసి ఉందన్న మాట నిజమే, ఆరో పేరాలో. ఆ షెడ్డులో తమిళం చదవగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఇంట్లో మాట్లాడే తెలుగును చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అది బతికున్న పదార్థం, వేడికి చచ్చిపోతుంది అన్నాను.

ఆమె బుట్ట కింద పెట్టింది.

"అది పానం ఉండేదా సామీ?"

"అవునమ్మా. ప్రాణం ఉన్నదే."

"పానం ఉండేదాన్ని మందు అని ఎందుకు చెప్పితిరి? తోడు అని చెప్పి ఉంటే ఈ ఊళ్ళో ఎవరన్నా కాగే నీళ్ళలో పోస్తురా? కాగే పాలలో తోడు వేసే ఆడది ఉంటుందా? కాచి, ఆరనిచ్చి, వేలు పెట్టి చూసి, గోరువెచ్చగా ఉండేటప్పుడు వేస్తాము. పాలు విరిగినాక వేయము."

మా పద్ధతీ అదే. బూజు చేరకముందే వేయాలి. ముందు వేడి, తర్వాత ఆరనివ్వడం, ఆ తర్వాత ఈస్టు. చల్లగా దాచాలి. పాతబడనివ్వకూడదు. వేడి నీళ్ళ తర్వాత తొక్క మీద ఏమీ మిగలదు, ఆ ఖాళీలో ఎవరు ముందు కూర్చుంటారన్నదే పందెం. నేను ఎనిమిది పేరాల్లో చెప్పలేనిది ఆమె వంటింటి మాట ఒక్కటి చెప్పేసింది. నాలుగు వందల ఏళ్ళు తెలుగు దేశానికి దూరంగా ఉండి కూడా మన ఇళ్ళలో మన భాష నిలబెట్టుకున్నామని సభల్లో చెప్పుకునేవాణ్ణి నేనే. మా అమ్మ రోజూ రాత్రి పడుకోబోయే ముందు పాలకు తోడు వేస్తూ అనే ఆ మాట నాకు గుర్తు రాలేదు.

పేనా

ఇమాంపసందు పోయింది. ఆఖరున వచ్చే కల్లామై మాత్రం ఇంకా చెట్ల మీద ఉంది. కానీ గోవిందసామి పత్రం రాయించి సిద్ధంగా పెట్టాడని రంగమ్మాళ్ చెప్పింది. తను సంతకం పెట్టేస్తానంది. మాట ఇచ్చింది కదా. మీ తప్పేమీ లేదు సామీ, మాకు అర్థం కాలేదు అని కూడా అంది. అది విన్నాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

గోవిందసామి ఇంటికి నడిచి వెళ్ళాను. ఇంటి ముందు అరుగులాంటి తిన్నె మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళు. నేను కింద నిలబడి, పళ్ళు కుళ్ళింది నా వల్ల, మీ వదిన చెప్పినట్టే చేసింది, చెప్పినవాడు సరిగ్గా చెప్పలేదు అన్నాను. మా ఇంట్లో ఇంకొకరి వాకిట నిలబడి తప్పు నాది అన్నవాళ్ళు నాకు ముందు ఎవరైనా ఉన్నారేమో, నాకు తెలియదు.

అతను వెంటనే లేవలేదు.

"మా తాత మీ చావడి మెట్ల కింద నిలబడి మాట్లాడేవాడంట సార్. మీ తాత ఒక్క మెట్టు ఎక్కనీలేదంట. ఇప్పుడు మీరు మా తిన్నె కింద నిలబడి ఉండారు." కొంచెం జరిగి చోటు ఇచ్చాడు. "పైకి వచ్చి కూర్చోండి. అదే మాకూ మీకూ వ్యత్యాసం."

కూర్చున్నాను. మజ్జిగ తెప్పించాడు. తాగాక గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"కల్లామై మండీకి పోయేదాకా పత్రం ముట్టను. అదీ కుళ్ళిందంటే మీరే వచ్చి మా వదిన చేతికి పేనా ఇచ్చి సంతకం పెట్టించాల. సరేనా?"

సరే అన్నాను.

చావడి

ఆ రాత్రి పోదనూరుకు ఫోను చేశాను. డాక్టర్ సరోజ అప్పటికి రిటైరై అక్కడే ఉంటోంది. జరిగింది చెప్పి, తోడు అన్న మాట శాస్త్రం ప్రకారం తప్పు కదా అని అడిగాను. తోడు పాలను మారుస్తుంది. మన ఈస్టు పండును మార్చదు, కాపలా మాత్రం కాస్తుంది. "పేపర్లో నీ లాటిన్ పేరు రాయి మిట్టాదార్. సీసా మీద ఆమె పేరు రాయి" అంది. తర్వాత తమిళ ఊళ్ళకు పంపిన సీసాల మీద ఉఱై అని రాయించాం. తమిళంలో తోడుకు అదే మాట.

మూడు వారాల తర్వాత కొత్త సీసాలు ఐసు పెట్టెలో పెట్టుకుని, అది ఒళ్ళో పట్టుకుని, సింగానల్లూరు బస్టాండులో మదుర బస్సు ఎక్కాను. ఈసారి నాలుగు రోజులకు బట్టలు తెచ్చుకున్నాను. మొదటి రోజే చిక్కు వచ్చింది. షెడ్డుకు రేకుల కప్పు. వేడి నీళ్ళలోంచి తీసిన పండు గంట గడిచినా ఆరడం లేదు. తోడు కలపాల్సిన నీళ్ళు కూడా ఎండకు కాగుతున్నాయి. రంగమ్మాళ్ వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. నా థర్మామీటరు కూడా అదే చెప్పింది.

ఆ ఊళ్ళో చల్లని చోటు ఒక్కటే. గోవిందసామి చెప్పిన మా చావడి. రాతి స్తంభాలు, రెండు మూరల మందం గోడలు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తాళం వేసి ఉంది. తాళంచెవి నా సంచిలోనే ఉంది. ఆ ఊరికి వచ్చినప్పుడల్లా తెచ్చుకునేవాణ్ణి, తీసేవాణ్ణి కాదు.

తీశాను. గబ్బిలాల వాసన. ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చి, మెట్ల కింద ఆగిపోయారు. రంగమ్మాళ్ నా ముఖం చూసింది. రండి అని చెబితే సరిపోయేది. ఆ మాట నాకు అలవాటు లేదు. అందుకని ఒక బుట్ట నా చేతుల్లోకి తీసుకుని నేను ముందు ఎక్కాను. బరువుకు మూడో మెట్టు దగ్గర తూలాను. వెనక ఎవరో నవ్వారు. తర్వాత అందరూ ఎక్కారు.

చావడి ఊడ్చి, కడిగి, నేల మీద గోనెలు పరిచి పళ్ళు ఆరబెట్టాం. అరగంటకు గోరువెచ్చగా అయ్యాయి. తొట్టిలో బావి నీళ్ళు పోసి, రంగమ్మాళ్ వేలు పెట్టి, సరి సామీ, తోడు వేయండి అంది. వేశాను. మచ్చ ఉన్న పండును ఆడవాళ్ళే ఏరి పక్కన పెట్టేశారు, ఎవరూ చెప్పక్కర్లేకుండా. విరిగిన పాలు అని నవ్వుకుంటూ ఏరారు. నాలుగు రోజులు గోనె మీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. రంగమ్మాళ్ ఆ నాలుగు రోజుల్లో భర్త ఏ చెట్టు ఏ ఏడాది నాటాడో, ఏ చెట్టు కింద పడుకునేవాడో చెప్పింది. ఏడవలేదు. చెట్ల పేర్లు చెబుతున్నట్టు చెప్పింది.

ఎనిమిదో రోజు మండీకి గోవిందసామి కూడా వచ్చాడు. చొక్కా జేబులో పేనా ఉంది. కావాలనే కనబడేలా పెట్టుకున్నాడు. పక్కన ఇంకెవరిదో తోట పెట్టెలు విప్పి ఉన్నాయి, నల్లగా. మా పెట్టె మూత రంగమ్మాళ్ తీసింది.

అద్భుతమేమీ జరగలేదు. పెట్టెకు ఒకటి రెండు పళ్ళు తొడిమ దగ్గర మెత్తబడ్డాయి. మిగతావి పచ్చలోంచి పసుపుకు తిరిగి, గట్టిగా, వాసన వేస్తూ ఉన్నాయి. గోవిందసామి ఒకదాని తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కాడు. ఇంకో పెట్టె విప్పించాడు. దాని అడుగునుంచి ఒక పండు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత జేబులోంచి పేనా తీసి నా చేతిలో పెట్టాడు.

"మీ దగ్గరే ఉండనీయండి సార్. మీకు రాసే పని ఉంటుంది."

రంగమ్మాళ్ అటు తిరిగి, పెట్టెలో పళ్ళు మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. సర్దినవే సర్దింది.

కొత్తవాళ్ళకు

ఈస్టు అన్ని కుళ్ళులనూ ఆపుతుందని ఎవరికీ చెప్పకండి. పూతలోనే చేరిన బూజు ముందు అది బలహీనం. వాన ఎక్కువైన ఒక ఏడాది అదే తోటలో మళ్ళీ సగం పోయింది, అప్పుడు మేము అన్నీ సరిగ్గానే చేశాం. ఆ సంగతి కూడా గోవిందసామికి నేనే వెళ్ళి చెప్పాను. ఈసారి తిన్నె ఎక్కి చెప్పాను. ఆ ఏడాది అతను పత్రం మాట ఎత్తలేదు.

మీరు పని చేసే మనుషుల ఇళ్ళలో మీ శాస్త్రానికి ముందే ఒక మాట ఉండవచ్చు. లేకపోవచ్చు కూడా. ఉంటే అది మీకు కాగితం పంచుతున్నప్పుడు వినబడదు, బుట్ట కడిగేవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడే వినబడుతుంది. వాళ్ళు మిమ్మల్ని సామీ అని పిలిచినంతకాలం మీరు చెప్పింది అర్థం కాలేదని అనరు. అర్థమైందనే అంటారు. ఆ మర్యాద చాలా ప్రమాదం. నేను దానిలోనే పుట్టాను కాబట్టి చెబుతున్నాను.

నేను రిటైరైన ఏడాది రంగమ్మాళ్ పీలమేడులో మా ఇంటికి వచ్చింది. తోట పట్టా విభజన అయిపోయింది, మామిడి భాగం ఆమెకే వచ్చింది. చుట్టుపక్కల తోటలవాళ్ళు కూడా పళ్ళు తెచ్చి ఆమె దగ్గర తోడు వేయించుకుంటున్నారట. ప్రతి ఏడూ నా దగ్గర తాళంచెవి అడగడం తనకు బాగాలేదంది. చావడి ఉత్తినే రాసిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఉత్తినే ఇస్తే అది మీరు ఇచ్చింది అవుతుంది సామీ. కొంటే నాది అవుతుంది."

నత్తం రిజిస్ట్రారు ఆఫీసులో చావడిని, వెనక బావిని, ముందున్న ఖాళీ జాగాను రంగమ్మాళ్ పేరున అమ్మేశాను.